సంక్రాంతి సున్నాలకు ముందు గబ్బిలాల గురించి ఒక మాట



సార్వా కోతలు ఒక కొలిక్కి వచ్చాయి. కొందరి ధాన్యం ఇంకా కల్లంలో ఉంది, కొందరిది మిల్లుకు చేరింది. కోతకు ముందు చల్లిన మినుము మొలిచి నాలుగాకుల మీద ఉంది. ఇక ధనుర్మాసం వచ్చిందంటే అందరి చూపూ ఇంటి మీదకి పోద్ది. బూజులు దులపడం, పగుళ్ళు పూడ్చడం, సున్నాలు, రంగులు. ఇళ్ళతోపాటు గుడి, బడి, పాత గోడౌను, మూతపడ్డ రైసుమిల్లు కూడా ఈ రోజుల్లోనే బాగుచేయిస్తారు. అక్కడ ఏటా ఒక మాట వినపడుతుంది: "ముందు ఆ గబ్బిలాల్ని పొగ పెట్టి తోలెయ్యండ్రా!"

ఈ పోస్టు ఆ మాట గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చదివాక మీరే తేల్చుకోండి. మన పాత కట్టడాల్లో ఉండే చిన్న గబ్బిలాలు మన పొలానికి పని చేస్తున్నాయి. వాటిని పొగ పెట్టి చంపడం మన చేత్తో మన కూలీని తరిమేసుకోవడమే. ఎక్కడైనా ఖాళీ చేయించక తప్పకపోతే దానికి పద్ధతి ఉంది, సమయం ఉంది. ఆ పద్ధతి కూడా కింద రాశాను.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, మా ఊళ్ళో కూడా పాత ధాన్యం గోడౌను ఒకటుంది. పెంకు కప్పు, లావుపాటి గోడలు, టేకు దూలాలు. దాన్ని పండగ లోపల బాగుచేసి ఎరువుల బస్తాలు, విత్తనాలు పెట్టుకుందామని పెద్దలు అనుకుంటున్నారు. మంచి ఆలోచనే. కుర్రాళ్ళు మాత్రం "ఎండుమిరపకాయలు వేసి పొగ పెడితే ఒక్క రాత్రిలో ఖాళీ బాబాయ్" అంటున్నారు. ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. గబ్బిలం అంటే దరిద్రం, అపశకునం, కంపు అని మనమే కదా వాళ్ళకు చిన్నప్పటి నుంచీ చెప్పింది!

మన గబ్బిలం చలికాలమంతా నిద్రపోదు

మొన్న ఒకాయన "చలికాలం గబ్బిలాలు నిద్రలో ఉంటాయంట కదా, తోలెయ్యడానికి ఇదే మంచి టైం" అన్నాడు. ఫోన్లో ఏదో వీడియో చూసినట్టున్నాడు. ఆ వీడియో చలిదేశాలది. అక్కడ గబ్బిలాలు నిజంగానే నెలల తరబడి నిద్రపోతాయి. మంచు పడితే పురుగు ఉండదు, పురుగు లేకపోతే తిండి లేదు. అందుకని ఎండాకాలం చివర బాగా తిని ఒంట్లో కొవ్వు పెంచుకుని, గుహల్లోనో పాత ఇళ్ళ అటకల మీదో చేరి తలకిందులుగా వేలాడతాయి. మామూలుగా నిమిషానికి వందల సార్లు కొట్టుకునే గుండె పది ఇరవై సార్లకు దిగుద్ది. ఒళ్ళు చల్లబడిపోద్ది. ఆ టైములో ఎవరైనా కదిలించి లేపితే, లేవడానికే కొవ్వంతా ఖర్చయిపోయి వసంతం రాకముందే ఆకలితో చస్తాయి. అందుకే బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రకారం ఇంటి అటక మీద గబ్బిలాల గూడు ఉంటే ఇంటి యజమాని అయినా ఇష్టమొచ్చినట్టు దాన్ని చెరపడానికి వీల్లేదు.

కొన్ని దేశాల్లో ఇంకో రకం. అమెరికాలో ఆస్టిన్ ఊళ్ళో ఒక వంతెన కింద సందుల్లో ఎండాకాలం లక్షల గబ్బిలాలు ఉంటాయి. చలి మొదలయ్యేసరికి అవి మెక్సికో వెళ్ళిపోతాయి. 1980లో ఆ వంతెన తిరిగి కట్టాక గబ్బిలాలు చేరితే, జనం భయపడి తీసెయ్యమని గోల చేశారు. ఇప్పుడు సాయంత్రమైతే అదే జనం పిల్లల్ని తీసుకెళ్ళి, అవి బయటకు వచ్చే దృశ్యం చూపిస్తారు. మన తెలుగు పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసే ఊరే అది. మీ వాళ్ళెవరైనా అక్కడుంటే అడిగి చూడండి.

మన డెల్టాలో ఈ రెండూ కాదు. మచిలీపట్నంలో జనవరిలో కూడా రాత్రి చలి 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఏడాది పొడుగునా ఏదో ఒక పురుగు ఎగురుతూనే ఉంటుంది. కాబట్టి మన చిన్న గబ్బిలాలకు నెలల తరబడి పడుకోవాల్సిన పని లేదు. చలి ఎక్కువగా ఉన్న రాత్రి తక్కువ తిరుగుతాయి, పగలు ఒంటి వేడి తగ్గించుకుని కాస్త మొద్దుగా ఉంటాయి, అంతే. పొద్దు గూకగానే మళ్ళీ డ్యూటీ ఎక్కుతాయి. అంటే మనం సున్నం డబ్బా పట్టుకుని వెళ్ళే రోజుల్లో కూడా అవి మన మినుము చేల మీద పనిలోనే ఉన్నాయి.

కొండలు లేని చోట పాత గోడలే గుహలు

ఒకసారి మన నేల ఎలా ఉందో చూడండి. చిలకలపూడి నుంచి గుడివాడ దాకా, ఇటు చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక దాకా ఎక్కడైనా ఒక కొండ ఉందా? గుహ ఉందా? అంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. గబ్బిలానికి పగలు తలదాచుకోవడానికి చీకటి, కదలని గాలి, పట్టుకుని వేలాడే గరుకు చోటు కావాలి. వేరే జిల్లాల్లో అయితే కొండ గుహలు, రాతి నెర్రెలు ఉంటాయి. మన దగ్గర ఉన్నవి ముసలి చెట్ల తొర్రలు, ఎండు తాటాకులు, పాత కట్టడాలు. ఇంతే.

ఇందులో చెట్లు ఎన్ని మిగిలాయో మీకు తెలుసు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని పోయాయి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు తవ్వినప్పుడు గట్ల మీద తాళ్ళు పోయాయి. పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాయి. స్లాబు ఇంట్లో మనిషికి సుఖం, కాదనను. కానీ దాంట్లో గబ్బిలానికి వేలు పట్టే సందు కూడా ఉండదు. ఇక మిగిలింది పాత గుడి మండపం, పాత బడి, గోడౌను, మూతపడ్డ మిల్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే తుఫాను షెల్టరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత ఆ షెల్టర్లు కట్టుకున్నాం కదా. ఆపద వేళ మనుషుల కోసం కట్టిన గోడలే మామూలు రోజుల్లో వీటికి ఇల్లు.

అంటే మనం పూడ్చే ఒక్కొక్క పగులూ వాటి లెక్కలో ఒక కొండగుహ మూసినట్టు. ఇక్కడ కాకపోతే పక్కన ఉంటాయిలే అనుకోవడానికి ఆ పక్కన ఏమీ లేదు. నేను ఇంతగా చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఏ గబ్బిలం ఏం తింటుందో ముందు తెలుసుకోవాలి

మనవాళ్ళు అన్నిటినీ కలిపి గబ్బిలాయి అంటారు. పని వేరు, తిండి వేరు.

మర్రి మీద, రావి మీద పగలంతా గుంపులుగా వేలాడుతూ కీచుకీచుమనే పెద్దవి పండ్లు తినేవి. ఇవి సపోటా, జామ, మామిడి పాడుచేస్తాయన్నది నిజం. ఒక తోట రైతుకు వాటి మీద కోపం ఉంటే అర్థం చేసుకోగలను. పాత మండపాల చీకట్లో ఉండే ఇంకో రకం పండ్ల గబ్బిలాలు కూడా ఉన్నాయి. అయితే రాత్రిపూట విచ్చుకునే బూరుగు లాంటి పూలకు పుప్పొడి మోసేది, గింజలు దూరాలకు చేర్చేది కూడా ఈ పండ్ల గబ్బిలాలే.

గోడ పగుళ్ళలో, పెంకుల కింద, తలుపు వెనక ఉండే చిన్నవి పురుగులు తినేవి. వీటిలో ఒకటి అయిదారు గ్రాముల బరువుండే బుల్లి గబ్బిలం. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు పిపిస్ట్రెల్లస్ కోరమాండ్రా. మన కోరమాండల్ తీరం పేరే దానికి ఇంటిపేరు! ఇవి పండు ముట్టవు, ధాన్యం ముట్టవు, పత్తి ముట్టవు. ఎగిరే పురుగే వీటి తిండి.

మూడోది పెద్ద చెవులది. పాడుబడ్డ ఇళ్ళల్లో, పాత గుళ్ళల్లో ఉంటుంది. పెద్ద పురుగులతోపాటు బల్లుల్ని, కప్పల్ని, చిట్టెలుకల్ని కూడా పట్టి తింటుంది. చిట్టెలుక మీద మనకేమీ ప్రేమ లేదు కదా.

మీ గోడౌనులో ఉన్నది ఏదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష చెబుతాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కింద పడ్డ ఎండు రెట్టను పుల్లతో నలిపి చూడండి. చూపుకి ఎలుక పెంటలాగే ఉంటుంది. పొడిపొడిగా రాలిపోయి, ఆ పొడిలో మెరిసే రెక్కముక్కలు కనపడితే అది పురుగులు తినే గబ్బిలం. గట్టిగా ఉండి పొడి కాకపోతే ఎలుక. గోడ మీద జారినట్టు మరక, అందులో గింజలు ఉంటే పండ్ల గబ్బిలం. ఆ మెరిసే ముక్కలు మన పొలం మీద ఎగిరిన పురుగుల రెక్కలు. ఇంతకంటే పెద్ద రశీదు ఏం కావాలి?

వరికీ గబ్బిలానికీ ఏంటి సంబంధం

పురుగులు తినే గబ్బిలం ఒక్క రాత్రిలో తన బరువులో సగం దాకా పురుగులు తినగలదని చెబుతారు. పాలిచ్చే తల్లి ఇంకా ఎక్కువ తింటుంది. మన లెక్కలో వేసుకుందాం. ఆరు గ్రాముల గబ్బిలం, మూడు గ్రాముల పురుగు. ఒక గోడౌనులో 200 ఉన్నాయనుకోండి, రాత్రికి 600 గ్రాములు, నెలకు 18 కిలోలు. సుడిదోమ ఒక్కటి బియ్యపు గింజకన్నా చిన్నది. 18 కిలోలంటే ఎన్నో మీరే ఊహించుకోండి.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అవి తినేది అంతా మన శత్రువులనే కాదు. పేడపురుగులు, దోమలు, ఈసుళ్ళు, ఏది దొరికితే అది తింటాయి. కానీ రాత్రిపూట వరి చేల మీద ఎక్కువగా ఎగిరేది ఏంటో లైటు దగ్గర కూర్చున్న ఎవరికైనా తెలుసు. పసుపురంగు రెక్కల పురుగు. అది నారుమడిలో ఆకు కొసన గుడ్ల సముదాయం పెట్టి పోతే, తర్వాత పిలకలో మొవ్వు చావడం, ఈనిన తర్వాత తెల్లకంకి రావడం మన నెత్తిన పడుతుంది. ఒక ఆడ రెక్కల పురుగు గుడ్లు పెట్టకముందే గబ్బిలం నోట్లో పడితే ఆ గుడ్లన్నీ పోయినట్టే.

సుడిదోమ సంగతి కూడా అంతే. దోమలో పొడవు రెక్కలవి, పొట్టి రెక్కలవి రెండు రకాలుంటాయి. పొడవు రెక్కలది ఎక్కడి నుంచో గాల్లో ఎగిరి వచ్చి చేలో దిగుతుంది. దాని పిల్లలు దుబ్బు అడుగున చేరి రసం పీల్చి, చేను సుడులు సుడులుగా ఎండబెడతాయి. దుబ్బు అడుగుకి దిగిపోయిన దోమను గబ్బిలం పట్టలేదు. అది పట్టేది గాల్లో ఉన్నదాన్ని, అంటే దిగబోయేదాన్ని. కాబట్టి సుడి పడ్డ చేనుకి గబ్బిలం మందు కాదు. సుడి పడకుండా కాసే కాపలాల్లో అది ఒకటి. ప్రతి రెండు మీటర్లకు కాలిబాట తీయడం, యూరియా తగ్గించి వేయడం, తట్టుకునే రకం వేయడం, ఇవన్నీ మనం చేయాల్సిందే. వాటి పక్కన ఇదీ ఒకటి. ఖర్చు లేనిది.

ఇది నా ఊహ అనుకోవద్దు. వరి పండించే వేరే దేశాల్లో లెక్కలు కట్టారు. థాయిలాండులో గుహల్లో ఉండే ఒక రకం గబ్బిలాలు వరిమీద తెల్లవీపు దోమను తింటాయి. ఆ ఒక్క జాతి ఆ ఒక్క దోమను తినడం వల్లే ఏటా 2,900 టన్నుల దాకా ధాన్యం నష్టం తప్పుతోందని, అది 26 వేలమందికి పైగా జనానికి తిండి అని 2014లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అక్కడి రాచబురి ప్రాంతంలో ఒక బౌద్ధాలయం తన గుహలోని గబ్బిలాల రెట్టను ఎరువుగా అమ్ముకుని ఆదాయం కూడా తెచ్చుకుంటోంది.

స్పెయిన్‌లో ఎబ్రో అని ఒక నది. అది సముద్రంలో కలిసే చోట మనలాగే డెల్టా, మనలాగే వరి. అక్కడ గబ్బిలాలకు ఉండే చోటు లేదని గ్రహించి, పొలాల దగ్గర స్తంభాలకు చెక్కపెట్టెలు కట్టారు. బుల్లి గబ్బిలాలు వచ్చి చేరాయి. ఏళ్ళ తరబడి గమనిస్తే, గబ్బిలాలు పెరిగిన కొద్దీ అక్కడి కాండం తొలిచే పురుగు మందు కొట్టాల్సిన స్థాయికి దిగువన ఉంటూ వచ్చిందని 2015లో రాశారు. మన కాండం తొలిచే పురుగుకి అది దాయాది. వాళ్ళు డబ్బు పెట్టి పెట్టెలు కట్టి పిలుచుకున్నారు. మనకు ఉచితంగా వచ్చి ఉంటే మిరపకాయల పొగ పెడుతున్నాం!

థాయిలాండు గుహల్లో లక్షలు ఉంటాయి, మన గోడ పగుళ్ళలో పదులు, వందలు ఉంటాయి. ఆ టన్నుల లెక్క తెచ్చి మన ఎకరాలకు అతికించమని నేను అనను. కానీ ఉన్నవి కొద్ది కాబట్టే జాగ్రత్త ఎక్కువ కావాలంటాను.

గబ్బిలం పోయిన చోట ఏమైంది

లేకపోతే ఏమవుద్ది అనే ప్రశ్నకు అమెరికా జవాబు చెప్పింది. అక్కడ 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో, చలినిద్రలో ఉన్న గబ్బిలాల ముక్కు మీద తెల్ల బూజు కనపడింది. ఆ బూజు తెగులు వాటిని నిద్రలోంచి మాటిమాటికీ లేపుతుంది. పైన చెప్పానే, లేచిన కొద్దీ కొవ్వు అయిపోయి ఆకలితో చచ్చాయి. లక్షలకు లక్షలు పోయాయి. గబ్బిలాలు పోయిన జిల్లాల్లో రైతులు పురుగుమందు వాడకం దాదాపు 31 శాతం పెంచారని, ఆ జిల్లాల్లో పసిపిల్లల మరణాలు కూడా సుమారు 8 శాతం పెరిగాయని 2024లో సైన్స్ పత్రికలో చికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్త ఒకాయన లెక్క వేసి చూపించాడు.

ఆ రైతులెవరూ మందు కొట్టాలని సరదాపడి కొట్టలేదు. పురుగు పెరిగింది, కొట్టారు. మనమైనా అంతే కదా. సార్వాకి మందుల కొట్టులో మన ఖాతా ఎంత రాసి ఉందో ఒకసారి చూసుకోండి. మందు ఖర్చు, కొట్టే కూలి ఖర్చు, ట్యాంకు వీపున వేసుకుని గాలికి ఎదురు నడిచే మనిషి ఆరోగ్యం. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వరి మీద కొడితే దోమ తగ్గకపోగా మళ్ళీ ఎక్కువవుతుందని వ్యవసాయాధికారులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఒక్క స్ప్రే తగ్గినా మనకు లాభమే. ఇప్పుడు మినుము మీద కూడా పొగాకు లద్దెపురుగు, మారుకా మచ్చల పురుగు వస్తాయి. ఈ రెండిటి తల్లులూ రాత్రి ఎగిరే రెక్కల పురుగులే. అంటే గబ్బిలానికి మేతే. ఈ నెలలో వాటిని తరిమేసి, వచ్చే నెలలో కొట్టుకెళ్ళి డబ్బా కొనుక్కోవడం ఏం లెక్క?

రోగాల సంగతి దాచను

"అన్నీ బాగానే చెప్పావు, నిపా సంగతేంటి, కరోనా సంగతేంటి" అంటారు. అడగాల్సిన ప్రశ్నే.

నిపా వైరసు నిజం. 2018లో కేరళలో కోజికోడ్ దగ్గర మనుషులు చనిపోయారు. అది పండ్లు తినే పెద్ద గబ్బిలాల దగ్గర ఉండే వైరసు. గోడ పగుళ్ళలో ఉండే పురుగుల గబ్బిలానిది కాదు. బంగ్లాదేశ్‌లో ఆ పెద్ద గబ్బిలాలు ఖర్జూరపు చెట్టుకు కట్టిన ముంతలో మూతిపెట్టడం వల్ల, ఆ పచ్చి నీరా తాగినవాళ్ళకు జబ్బు వచ్చింది. మనం తాటిచెట్లకు ముంతలు కట్టే వాళ్ళం. కాబట్టి ముంత మీద తడికో వలో కట్టండి. గబ్బిలం కొరికిన జామకాయ, మామిడికాయ పిల్లల్ని తిననివ్వొద్దు. ఈ రెండూ గట్టిగా పాటించాల్సినవే. చెట్టు మీద గుంపును రాళ్ళతో కొట్టి చెదరగొడితే మాత్రం అవి ఊరంతా పడతాయి, ముప్పు తగ్గదు.

కరోనా మన ఊళ్ళోకి మనుషులతో వచ్చింది, గోడౌను గబ్బిలంతో రాలేదు.

గబ్బిలాన్ని వట్టి చేత్తో పట్టుకోకూడదు. ఒకవేళ కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ళ ధార కింద కడిగి, కుక్క కరిచినప్పటిలాగే ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. ఏళ్ళనాటి ఎండు రెట్టను పొడిగా ఊడవకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే కీడు చేస్తుంది. నీళ్ళు చల్లి తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని ఎత్తాలి. ఎత్తిన దాన్ని పెంటకుప్పలో వేసి మాగనిస్తే మంచి ఎరువు. నత్రజని, భాస్వరం రెండూ ఉంటాయి.

పడుకునే గదిలో, వంటింట్లో, బడిలో పిల్లలు కూర్చునే చోట, ఆసుపత్రిలో గబ్బిలాలు ఉండాలని నేను అనడం లేదు. అక్కడ ఖాళీ చేయించాల్సిందే. ఎలా అన్నదే ప్రశ్న.

ఖాళీ చేయించే పద్ధతి

పొగ వద్దు, మంట వద్దు, కలరా ఉండలు వద్దు, మందు స్ప్రే అసలే వద్దు. పొగ పెడితే కొన్ని చస్తాయి, మిగతావి బెదిరి పక్కిళ్ళలో దూరతాయి. పాత పెంకుటింటి దూలాలకు నిప్పు అంటుకుంటే అది ఇంకో నష్టం. ఇలా చేయండి.

1. రెండు మూడు సాయంత్రాలు పొద్దు గూకే వేళ బయట నిలబడి ఏ సందులోంచి వస్తున్నాయో చూసుకోండి. రాకపోకలకు సాధారణంగా ఒకటి రెండు దార్లే ఉంటాయి.

2. టార్చిలైటు వేసి పిల్లలు ఉన్నాయేమో చూడండి. గబ్బిలం పిట్ట కాదు, గుడ్లు పెట్టదు. ఒకటో రెండో పిల్లల్ని కని పాలిస్తుంది. ఆ పిల్ల ఎగరడానికి నెలా నెలన్నర పడుతుంది. ఎక్కువ జాతులు ఎండాకాలం, వానాకాలం నెలల్లో కంటాయి గానీ, బుల్లివి కొన్ని ఏడాదిలో ఒకసారి కంటే ఎక్కువ కంటాయి. పిల్లలు కనపడితే ఆ పని ఆపి, అవి ఎగిరాకే మొదలెట్టండి. తల్లుల్ని బయట పెట్టి మూసేస్తే పిల్లలు లోపలే చచ్చి, ఆ కంపు మీరే భరించాలి.

3. పిల్లలు లేకపోతే, ఆ సందు మీద సన్న కన్నుల నైలాన్ తెర వేలాడదీయండి. దోమతెర గుడ్డ చాలు, చేపల వల వద్దు, రెక్కలు చిక్కుకుంటాయి. పైనా, రెండు పక్కలా బిగించి, అడుగు మాత్రం వదులుగా సందు కన్నా అడుగున్నర కిందకు ఉంచాలి. లోపలివి జారుకుంటూ బయటకు పోతాయి, తిరిగి వచ్చే దారి వాటికి దొరకదు.

4. ఒక వారం అలా ఉంచండి. చలి రాత్రుల్లో కొన్ని బయటకు రాకుండా ఉండిపోతాయి, అందుకే వారం. అన్నీ పోయాయని సాయంత్రం చూసుకున్నాకే సున్నమో సిమెంటో పెట్టి మూయండి.

5. మూసే ముందే వేరే చోటు చూపించండి. గరుకు చెక్కతో, లోపల ముప్పావు అంగుళం నుంచి అంగుళం సందు ఉండేలా, అడుగు తెరిచి ఉన్న పలచటి పెట్టె చేయించి, పన్నెండు పదిహేను అడుగుల ఎత్తున, లైటు పడని వైపు కట్టండి. రంగు, వార్నిష్ వేయొద్దు. మిగిలిపోయిన పాత చెక్కతో ఊళ్ళో వడ్రంగి ఒక పూటలో చేసిస్తాడు. వెంటనే చేరకపోవచ్చు, ఓపిక పట్టాలి.

చలిదేశాల్లో చలికాలం వాటిని కదపకూడని కాలం. మన దగ్గర అవి రోజూ ఎగురుతుంటాయి కాబట్టి, పిల్లలు లేవని చూసుకుంటే ఈ రోజుల్లో మర్యాదగా పంపడానికి వీలుంది. పండగ రెండ్రోజులుందనగా మొదలెడితే మాత్రం కుదరదు. ఇప్పుడే మొదలెట్టాలి.

గోడౌనుల విషయంలో నాది ఇంకో మాట. పూర్తిగా ఖాళీ చేయించాల్సిన పని కూడా లేదు. గబ్బిలాలు ఉండే దూలం కింద పట్టా కట్టేస్తే రెట్ట బస్తాల మీద పడదు. నెలకోసారి పట్టా దించి ఎరువు తీసుకోవచ్చు. పై పగుళ్ళు రెండు మూడు వదిలేసి, కింద గోడలకు హాయిగా సున్నం వేసుకోవచ్చు. మా గోడౌను విషయంలో నేను పెద్దల ముందు పెట్టిన ప్రతిపాదన ఇదే. ఒక పట్టా ఖర్చు నేను పెట్టుకుంటానని కూడా చెప్పాను. పొగ పెడదామన్న కుర్రాళ్ళలో ఇద్దరు రెట్ట నలిపి చూసి "రెక్కలే బాబాయ్" అన్నారు. ఇంకా తేలలేదు, ఆదివారం మళ్ళీ కూర్చుంటాం.

గుడిలో గబ్బిలం

గుడికి గబ్బిలం మైల అనే వాళ్ళకు ఒక సంగతి గుర్తు చేస్తాను. గుర్రం జాషువా గారు 1941లో గబ్బిలం కావ్యం రాసినప్పుడు, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన బాధను శివుడికి చెప్పమని కబురు పంపింది గబ్బిలంతోనే. మనిషిని ఆపిన గుడి గబ్బిలాన్ని ఆపలేదు. గుడిలో దాని కాపురం మనం కమిటీలు వేసుకోకముందు నుంచీ ఉంది. గర్భగుడి శుభ్రంగా ఉంచుకోండి, మండపం పైన ఒక మూల వాటికి వదలండి. రాత్రంతా శిఖరం మీద ఫ్లడ్‌లైట్లు వేసి ఉంచితే చీకటిని నమ్ముకున్న జీవి వెళ్ళిపోద్ది. పూజ అయ్యాక ఆ లైట్లు ఆర్పితే కరెంటు బిల్లు కూడా తగ్గుద్ది.

తమిళనాడులో చెట్టు మీది గబ్బిలాలు బెదురుతాయని దీపావళికి టపాసులు కాల్చని ఊళ్ళు ఉన్నాయి. మన ప్రభుత్వ చట్టం కూడా మారింది. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలను ఎలుకలతో, కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. చట్టం మనసు మార్చుకోవడానికి 50 ఏళ్ళు పట్టింది. మనకు అంత టైం లేదు, ఎందుకంటే పాత గోడలు అంతకాలం నిలబడవు.

కాబట్టి ఈ పండక్కి నేను మిమ్మల్ని కోరేది మూడే మూడు. మీ ఊళ్ళో ఏ పాత కట్టడానికి సున్నం పడబోతోందో ముందు కనుక్కోండి. అక్కడ రెట్ట నలిపి చూడండి. పురుగు రెక్కలు కనపడితే, పొగ పెట్టబోయే వాళ్ళను ఒక్క వారం ఆగమని చెప్పండి. అరిచి గొడవ పెట్టుకోవద్దు, ఆ రెక్కలు చూపించండి చాలు.

దోమ మందు సంగతి మాట్లాడుకుందాం అంటే మనందరం టీ కొట్టు దగ్గర గంటలు గంటలు మాట్లాడతాం. మందు లేకుండా మన పని చేస్తున్న దాని గురించి కూడా ఒక పూట మాట్లాడుకుందాం. మీ ఊళ్ళో గబ్బిలాలు ఎక్కడున్నాయో, పెట్టెలు కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చేరాయో లేదో రాయండి. మినుముకి తల్లిపురుగుల రోజులు దగ్గర పడుతున్నాయి, రాత్రి చేలో లైటు వేసి ఒకసారి చూసుకోండి.

ఉంటానండి.